యుద్ధం ఎప్పుడైనా న్యాయమవుతుందా? పోరాడి శాంతి తేవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధం మాట వస్తే చాలామందిమి రెండు గట్ల మీద నిలబడి అరుచుకుంటాం. "ఏ యుద్ధమైనా పాపమే" అనేవాళ్లు ఒకవైపు, "శత్రువుని చావగొడితే గానీ శాంతి రాదు" అనేవాళ్లు ఇంకోవైపు. నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు, నన్ను నేను అడుక్కున్న ప్రశ్నలు కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నింటికి చరిత్రలోకి కాస్త లోతుగా దిగాలి.

సూటిగా చెప్పండి. యుద్ధం ఎప్పుడైనా న్యాయమేనా?

అవును, చాలా అరుదుగా. మన మీదికి ఎవరైనా దండెత్తి వచ్చినప్పుడు, లేదా ఒకచోట జనాన్ని ఊచకోత కోస్తుంటే దాన్ని ఆపడానికి ఇంకే దారీ మిగలనప్పుడు ఆయుధం పట్టడం న్యాయమేనని నేను నమ్ముతాను. కానీ న్యాయమైనది కాబట్టి మంచిది అనుకోకూడదు. న్యాయమైన యుద్ధంలో కూడా ఏ తప్పూ చెయ్యని పిల్లలు చచ్చిపోతారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ న్యాయం మొదటిరోజు ఒకసారి ఇచ్చేసి బీరువాలో దాచుకునే సర్టిఫికెట్ లాంటిది కాదు. యుద్ధం నడిచినన్నాళ్లూ ప్రతిరోజూ దాన్ని మళ్లీ రుజువు చేసుకోవాల్సిందే. కింద రాసిన జవాబులన్నీ ఏదో ఒక రకంగా ఈ మాట దగ్గరికే వస్తాయి.

న్యాయమైన యుద్ధం అని తేల్చడానికి కొలతలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలా పాతవి. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి ఉత్తర ఆఫ్రికా క్రైస్తవ బిషప్ అగస్టీన్ ఈ ఆలోచనకి పునాది వేస్తే, పదమూడో శతాబ్దంలో ఐరోపాలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు మూడు షరతులు పెట్టాడు. యుద్ధం ప్రకటించే అధికారం ఉన్నవాళ్లే ప్రకటించాలి, కారణం న్యాయమైనదై ఉండాలి, ఉద్దేశం మంచిదై ఉండాలి. తర్వాతి వాళ్లు వీటికి ఇంకొన్ని చేర్చారు: మిగతా దారులన్నీ మూసుకుపోయాకే దిగాలి, గెలిచే అవకాశం ఎంతోకొంత ఉండాలి, జరిగే నష్టం ఆపబోయే నష్టాన్ని మించకూడదు.

మనకి ఈ షరతులు కథగా ముందే తెలుసు. మహాభారతంలో యుద్ధానికి ముందు రాయబారాలు నడుస్తాయి. కృష్ణుడు స్వయంగా హస్తినకి వెళతాడు. అర్ధరాజ్యం హక్కుగా రావాల్సినవాళ్లు చివరికి ఐదూళ్లిచ్చినా చాలంటారు. "చివరి మార్గం" అనే షరతుకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. రాయబారం పంపామని చెప్పుకుంటే సరిపోదు, ఎంతవరకు తగ్గడానికి సిద్ధపడ్డారన్నదే లెక్క. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నవాడి వల్ల యుద్ధం వచ్చిందని ఈరోజుకీ మనం చెప్పుకోగలుగుతున్నామంటే, అవతలివాళ్లు అంత కిందికి దిగి అడిగారు కాబట్టే.

అదే కథలో ఇంకో సగం కూడా ఉంది. సూర్యాస్తమయం తర్వాత కొట్టుకోకూడదని, ఆయుధం లేనివాణ్ణి కొట్టకూడదని ముందే ఒప్పందం చేసుకున్నారు. పద్దెనిమిది రోజుల్లో రెండు పక్షాలూ ఆ నియమాలని ఒక్కొక్కటిగా తెగ్గొట్టాయి. చివరికి అశ్వత్థామ రాత్రిపూట శిబిరంలో దూరి నిద్రపోతున్నవాళ్లని చంపేదాకా వచ్చింది. ధర్మయుద్ధమని మొదలుపెట్టినంత మాత్రాన అది చివరిదాకా ధర్మంగా నడవదని ఆ కథ చెప్పినవాళ్లకి తెలుసు.

ఇప్పటి అంతర్జాతీయ చట్టం ఏమంటోంది?

1928లో పారిస్‌లో చాలా దేశాలు యుద్ధాన్ని విధానంగా వాడబోమని సంతకాలు పెట్టాయి. వాటిలో జపాన్, జర్మనీ, ఇటలీ కూడా ఉన్నాయి. మూడేళ్లు తిరగ్గానే జపాన్ చైనాలోని మంచూరియా మీద పడింది. ఆ అనుభవం తర్వాత 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ ఇంకాస్త గట్టిగా రాశారు. దాని 2(4) అధికరణం ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలప్రయోగం చెయ్యకూడదు. మినహాయింపులు రెండే. సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకోవచ్చు, అది 51వ అధికరణం. లేదా భద్రతా మండలి అనుమతి ఇవ్వాలి.

చట్టంలో లోపం అందరికీ తెలిసిందే. మండలిలో ఐదు దేశాలకి వీటో ఉంది. వాటిలో ఒకటి గానీ, దాని మిత్రదేశం గానీ తప్పు చేస్తే మండలి చేతులు కట్టేసుకుంటుంది. అయినా ఈ చట్టం లేని కాలం కంటే ఉన్న కాలమే నయం. ఈ రోజుల్లో దండెత్తేవాడు కూడా తనది ఆత్మరక్షణ అని బుకాయించాల్సి వస్తోంది. ఒకప్పుడు ఆ అవసరం కూడా ఉండేది కాదు.

శత్రువు కొట్టేదాకా ఆగడం ఎందుకు? ముందే కొడితే నష్టం తక్కువ కదా?

చాలామంది తడబడేది ఇక్కడే. శత్రువు కత్తి ఎత్తినప్పుడు చెయ్యి పట్టుకోవడం వేరు, ఎప్పుడో కత్తి కొంటాడేమోనని ఇప్పుడే వాడి ఇంటికి నిప్పు పెట్టడం వేరు. 1837 చివర్లో కెనడా నుంచి వచ్చిన బ్రిటిష్ బలగాలు నయాగరా నదిలో "కరోలిన్" అనే అమెరికన్ పడవని తగలబెట్టాయి. ఆ గొడవలో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ ఒక గీత గీశాడు. ప్రమాదం నెత్తి మీదికి వచ్చేసి, ఇంకో దారీ, ఆలోచించుకునే వ్యవధీ లేనప్పుడే ముందస్తు దెబ్బ చెల్లుతుందన్నది ఆ గీత సారాంశం. ఇప్పటికీ వాదనలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

1981లో ఇజ్రాయెల్ ఇరాక్ అణు రియాక్టర్ మీద బాంబులు వేసినప్పుడు భద్రతా మండలి ఏకగ్రీవంగా ఖండించింది. 2003లో అమెరికా, బ్రిటన్ ఇరాక్‌లోకి వెళ్లినప్పుడు చెప్పిన ప్రధాన కారణం సామూహిక వినాశక ఆయుధాలు. అవి ఉన్నాయని చెప్పిన నిల్వలు దొరకలేదు. ఈలోగా ఒక దేశం కూలిపోయింది, ఏళ్ల తరబడి రక్తం పారింది. ఆత్మరక్షణ అనే మాటని భవిష్యత్తులోకి ఎంత సాగదీస్తే, రుజువు అంత గట్టిగా అడగాలి. 2003లో అడిగినవాళ్లు ఉన్నారు, లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. వినలేదు.

వేరే దేశంలో ప్రభుత్వమే సొంత జనాన్ని చంపుతుంటే బయటివాళ్లు కల్పించుకోవచ్చా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. "ఏ యుద్ధమూ వద్దు" అనే నా పాత అభిప్రాయం దీని దగ్గరే కూలిపోయింది.

1994 ఏప్రిల్‌లో రువాండాలో నరమేధం మొదలైంది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు, ఎక్కువమంది టుట్సీ తెగవాళ్లు. చాలామందిని చంపింది కత్తులతో, పొరుగువాళ్లే. అక్కడ అప్పటికే ఐక్యరాజ్యసమితి శాంతి దళం ఉంది. దాని కమాండర్ రోమియో డలేర్ ఇంకా బలగం కావాలని మొత్తుకున్నాడు. హత్యలు మొదలైన రెండు వారాలకి, ఏప్రిల్ 21న, భద్రతా మండలి ఆ దళాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. పెంచాలని కాదు, తగ్గించాలని. చివరికి నరమేధాన్ని ఆపింది తీర్మానాలు కావు. ప్రభుత్వం మీద తిరగబడ్డ రువాండా దేశభక్త ఫ్రంట్ సైన్యం పోరాడుతూ జులైలో రాజధాని కిగాలీని పట్టుకుంది, హంతక ప్రభుత్వం పారిపోయింది, అలా ఆగింది. ఆ సైన్యం కూడా చేతులకి రక్తం అంటకుండా లేదు. అది చేసిన ప్రతీకార హత్యలూ ఉన్నాయి, తర్వాత పక్కనున్న కాంగోలో రగిలిన యుద్ధాలూ ఉన్నాయి. అయినా ఆ జులైలో ఇంకా బతికున్న ఒక టుట్సీ తల్లి దగ్గరికి వెళ్లి "పోరాటం ఎప్పుడూ తప్పే" అని చెప్పే ధైర్యం నాకు లేదు.

మరుసటి ఏడాది బోస్నియాలో స్రెబ్రెనిత్సా. ఐక్యరాజ్యసమితి దాన్ని "సురక్షిత ప్రాంతం" అని ప్రకటించింది. ఆ మాట నమ్మి జనం అక్కడికి చేరారు. 1995 జులై 11న సెర్బు బలగాలు ఊళ్లోకి వచ్చినప్పుడు కాపలాగా ఉన్న డచ్ సైనికులు కొన్ని వందల మందే. భయంతో వేలమంది పోటోచారిలోని వాళ్ల స్థావరం చుట్టూ గుమిగూడారు. మగవాళ్లనీ మగపిల్లలనీ ఆడవాళ్ల నుంచి విడదీసి బస్సులు ఎక్కించారు. ఐక్యరాజ్యసమితి సైనికుల నీలి టోపీలు చూస్తూ నిలబడ్డాయి. 8 వేల మందికి పైగా చనిపోయారు. రక్షిస్తామని చెప్పి, రక్షించే బలగం ఇవ్వకపోవడం అసలు చెప్పకపోవడం కంటే ఘోరమని నేననుకుంటాను.

కల్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. డిసెంబర్ 3 నుంచి 16 వరకు జరిగిన యుద్ధం బంగ్లాదేశ్ పుట్టుకతో ముగిసింది. 1978 చివర్లో వియత్నాం కంబోడియాలోకి వెళ్లింది, 1979 జనవరి 7న ఖ్మేర్ రూజ్ ప్రభుత్వం కూలింది. ఆ ప్రభుత్వ పాలనలో పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ రెంటిలోనూ కల్పించుకున్న దేశాలకి సొంత ప్రయోజనాలు లేవని ఎవరూ అనలేరు. ఉద్దేశం మంచిదా కాదా అని గుండెల్లోకి తొంగి చూడలేం గనక, పని అయ్యాక ఏం చేశారో చూడాలి. భారత సైన్యం 1972 మార్చికల్లా బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. వియత్నాం సైన్యం కంబోడియాలో పదేళ్లున్నది.

2005లో ప్రపంచ దేశాలు "రక్షించే బాధ్యత" అనే సూత్రాన్ని ఒప్పుకున్నాయి. 2011లో లిబియాలో జనాన్ని కాపాడటానికని భద్రతా మండలి అనుమతి ఇచ్చింది. కాపాడటం కాస్తా పాలకుణ్ణి దించడంగా మారింది, దించాక ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించలేదు, దేశం ముక్కలై అంతర్యుద్ధంలో పడింది. ఆ తర్వాత ఇంకోచోట జనం చస్తుంటే అనుమతి అడగడమే కష్టమైపోయింది. ఒక చోట చేసిన మోసం ఇంకో చోట ప్రాణాలు తీస్తుంది.

గొడవంటే రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు? ఇద్దరిదీ తప్పే అనడం సబబు కాదా?

చప్పట్లకి రెండు చేతులు కావాలి. చెంపదెబ్బకి ఒక చెయ్యి చాలు. దురాక్రమణ జరిగినప్పుడు "ఇద్దరూ తగ్గండి" అనడం వినడానికి బాగుంటుంది, కానీ దెబ్బ తిన్నవాడికి అది రెండో దెబ్బ.

అహింసతో హిట్లర్‌ని ఆపగలిగేవారా?

1939 తర్వాత, అహింస ఒక్కదానితో, లేదు. అప్పటికి ఆలస్యమైపోయింది. ఒక జాతిని భూమ్మీద లేకుండా చెయ్యాలనుకున్నవాడికి వాళ్ల సహకారంతో పనిలేదు, కాబట్టి సహాయ నిరాకరణ వాణ్ణి ఆపదు.

కానీ అహింసని తీసిపారెయ్యడానికి ఈ ఒక్క ప్రశ్నా చాలనుకోకండి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో 1943 అక్టోబర్‌లో మామూలు జనం 7 వేలకి పైగా యూదులని చేపల పడవల్లో గుట్టుగా స్వీడన్ చేర్చారు. వాళ్ల చేతుల్లో తుపాకులు లేవు, పడవలున్నాయి, నోరు విప్పని పొరుగువాళ్లున్నారు. ఇక నియంతలని దించే విషయానికొస్తే, ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 ఉద్యమాలని పరిశీలించారు. అహింసా ఉద్యమాల్లో 53 శాతం గెలిచాయి, సాయుధ పోరాటాల్లో 26 శాతమే. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే తుపాకీ అంటే "పని అయ్యే దారి" అని, అహింస అంటే "మంచివాళ్ల దారి" అని నా మనసులో కూడా ఉండేది.

గాంధీ గురించి ఒక మాట. పిరికితనం, హింస ఈ రెండే మిగిలితే హింసనే ఎంచుకోమంటానని ఆయన 1920లో స్పష్టంగా రాశాడు. అహింస పేరు చెప్పి దాక్కునేవాళ్లకి ఆయన తోడు రాడు.

శత్రువుతో మాట్లాడటమంటే లొంగిపోవడం కాదా? మ్యూనిక్‌లో జరిగింది అదేగా?

1938 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చెకొస్లొవేకియాలో ఒక ముక్కని హిట్లర్‌కి కోసిచ్చాయి. ఆ ముక్క ఎవరిదో ఆ దేశాన్ని బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. తప్పు అక్కడుంది. మాట్లాడటంలో లేదు, వేరేవాళ్ల సొత్తు ఇచ్చెయ్యడంలో ఉంది.

1962లో క్యూబా క్షిపణుల గొడవలో పదమూడు రోజులు ప్రపంచమంతా టెన్షన్‌తో బతికింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ సలహాదారుల్లో కొందరు వెంటనే బాంబులు వెయ్యమన్నారు. ఆయన మాట్లాడే దారి వదల్లేదు. సోవియట్లు క్యూబా నుంచి క్షిపణులు తీసేశారు. క్యూబా మీద దండెత్తబోమని అమెరికా మాటిచ్చింది, టర్కీలో ఉన్న తన క్షిపణులు తీసేస్తానని గుట్టుగా ఒప్పుకుంది. ప్రతి గొడవకీ మ్యూనిక్ పేరు చెప్పేవాళ్లు ఈ పదమూడు రోజుల్ని ఎందుకు గుర్తు చేసుకోరో నాకు అర్థం కాదు.

న్యాయంగా మొదలైన యుద్ధం మధ్యలో అన్యాయంగా మారుతుందా?

మారుతుంది. కొరియా కథ వినండి.

1950 జూన్ 25న ఉత్తర కొరియా 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణ కొరియా మీద పడింది. రెండు రోజులకే భద్రతా మండలి దక్షిణాదికి సాయం చెయ్యమని తీర్మానించింది. ఇంత స్పష్టమైన కేసు చరిత్రలో తక్కువ. సెప్టెంబర్ 15న ఐక్యరాజ్యసమితి బలగాలు ఇంచాన్ రేవులో దిగాయి, నెలాఖరుకల్లా సియోల్‌ని విడిపించాయి. దాడి చేసినవాళ్లు వెనక్కి పారిపోతున్నారు. దేనికోసం యుద్ధంలోకి దిగారో ఆ పని దాదాపు అయిపోయింది. మూడు నెలలు పట్టింది.

అక్కడ ఆగి ఉంటే? ఆగలేదు. గెలుపు రుచి తగిలాక లక్ష్యం పెరిగింది, ఉత్తరాన్ని కూడా ఊడ్చేద్దామనుకున్నారు. అక్టోబర్‌లో రేఖ దాటి చైనా సరిహద్దు వైపు వెళ్లారు. చైనా రంగంలోకి దిగింది. 1951 జనవరిలో సియోల్ మళ్లీ పోయింది, మార్చిలో మళ్లీ వచ్చింది. జులైలో చర్చలు మొదలయ్యాయి, రెండేళ్లు సాగాయి. యుద్ధ ఖైదీలని ఎలా అప్పగించాలన్న పేచీ తెగక సాగాయి. ఆ రెండేళ్లూ కొండల మీద పేరు లేని గుట్టల కోసం కుర్రాళ్లు చనిపోతూనే ఉన్నారు. 1953 జులై 27న కాల్పుల విరమణ మీద సంతకాలయ్యాయి. సరిహద్దు దాదాపు మొదట ఉన్న చోటే ఉంది.

మొదటి మూడు నెలల్ని నేను సమర్థిస్తాను. ఆ తర్వాత దాదాపు మూడేళ్లని సమర్థించలేను. రెండూ ఒకే యుద్ధం, ఒకే జెండా, చాలావరకు అవే సైన్యాలు. అందుకే "ఆ యుద్ధం న్యాయమా" అని అడిగితే "ఏ నెలలో?" అని ఎదురు ప్రశ్న వెయ్యాలనిపిస్తుంది. యుద్ధం మొదలుపెట్టడానికి కొన్ని దేశాల పార్లమెంట్లలో ఓట్లు వేస్తారు. పని అయిపోయింది, ఇక ఆపుదామా అని మధ్యలో ఓటు పెట్టే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. ఉండాలి.

మనది న్యాయమైన పక్షమైతే ఎలా పోరాడినా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఎందుకు పోరాడుతున్నారన్నది ఒక ప్రశ్న, ఎలా పోరాడుతున్నారన్నది ఇంకో ప్రశ్న, ఒకదానిలో పాసైతే రెండోదానికి మార్కులు రావు. నాజీలని, జపాన్ సైనిక ప్రభుత్వాన్ని ఓడించడం న్యాయమే. హిరోషిమాలో 1945 చివరికల్లా సుమారు 1,40,000 మంది చనిపోయారు, ఎక్కువమంది సామాన్య పౌరులు. బాంబు వెయ్యకపోతే ఇంకా ఎక్కువమంది చనిపోయేవాళ్లన్న వాదన నాకు తెలుసు. ఊళ్లో ఉన్న బడిపిల్లల్ని చంపి వేరేవాళ్ల లొంగుబాటు కొనుక్కోవడాన్ని మాత్రం ఆ వాదనతో ఒప్పుకోలేను.

యుద్ధానికి నియమాలు ఎలా పుట్టాయో చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరీనోలో ఫ్రెంచి, ఇటాలియన్ సైన్యాలకీ ఆస్ట్రియా సైన్యానికీ మధ్య ఒకే రోజున ఘోర యుద్ధం జరిగింది. హెన్రీ డ్యునాంట్ అనే జెనీవా వ్యాపారి వేరే పని మీద అటు వచ్చాడు. పక్కనున్న కాస్టిగ్లియోనే ఊరి నిండా గాయపడ్డవాళ్లే. చర్చిలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఈగలు, దుర్వాసన, దాహం. డాక్టర్లు చాల్లేదు. ఊళ్లోని ఆడవాళ్లు నీళ్ల పాత్రలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి నోరు తడుపుతూ తిరిగారు. మనవాడా, శత్రువా అని అడగలేదు. "తుత్తి ఫ్రతెల్లి" అన్నారట, అంటే అందరూ అన్నదమ్ములే అని. ఆ దృశ్యం డ్యునాంట్‌ని వదల్లేదు. 1863లో రెడ్ క్రాస్‌కి మూలమైన కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం అందులోంచే వచ్చాయి. ఇప్పుడు మనం చెప్పుకునే 1949 జెనీవా ఒప్పందాలకి మొదటి విత్తనం ఆ నీళ్ల పాత్రల దగ్గర పడింది.

ఆసుపత్రి మీద బాంబు పడ్డప్పుడు "యుద్ధమన్నాక ఇవన్నీ మామూలే" అనేవాళ్లు ఆ ఆడవాళ్లకి తెలిసినంత కూడా తెలియనివాళ్లు.

సొంత ప్రభుత్వమే అణచివేస్తుంటే జనం ఆయుధం పట్టొచ్చా?

1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు ఆయుధాల్లేని జనం మీద కాల్పులు జరిపి 69 మందిని చంపారు. దశాబ్దాలుగా శాంతియుతంగా నడిచిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ని నిషేధించారు. 1961లో మండేలా, ఆయన సహచరులు సాయుధ విభాగం మొదలుపెట్టారు. మనుషుల ప్రాణాలు పోకుండా కరెంటు స్తంభాలు, ప్రభుత్వ ఆస్తుల మీద దెబ్బ తియ్యాలని ముందు అనుకున్నారు. తర్వాతి ఏళ్లలో ఆ గీత చెరిగి సామాన్యులూ చనిపోయారు. వాళ్లు ఆయుధం పట్టడాన్ని నేను తప్పు పట్టను. కానీ వర్ణవివక్షని కూల్చింది ప్రధానంగా సమ్మెలు, బహిష్కరణలు, ప్రపంచ ఆంక్షలు, చివరికి చర్చలు. 1994లో అందరూ క్యూలో నిలబడి ఓటు వేశారు.

ఇంతకీ పోరాటం శాంతిని తెస్తుందా?

పోరాటం ఒక చేతిని ఆపగలదు. ఆ తర్వాత శాంతి వస్తుందా రాదా అన్నది గెలిచినవాళ్ల ప్రవర్తన మీద ఉంటుంది.

ఫ్రాన్స్, జర్మనీ 1870, 1914, 1939లలో మూడుసార్లు కొట్టుకున్నాయి. 1919లో వెర్సాయ్‌లో గెలిచినవాళ్లు జర్మనీని అవమానించి, మొయ్యలేని బాకీ నెత్తిన పెట్టి పంపారు. ఇరవై ఏళ్లకి ఇంకా పెద్ద యుద్ధం వచ్చింది. వెర్సాయ్ ఒక్కటే కారణం కాదు, కానీ హిట్లర్ ప్రసంగాలకి కావలసినంత సరుకు అందించింది. 1945 తర్వాత దారి మార్చారు. నేరం చేసిన నాయకుల్ని కోర్టులో నిలబెట్టారు, దేశాన్ని మాత్రం నిలబెట్టారు. 1948 నుంచి అమెరికా మార్షల్ ప్రణాళిక కింద పశ్చిమ ఐరోపాకి సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయం వచ్చింది, పశ్చిమ జర్మనీకి కూడా. 1950 మే 9న ఫ్రెంచి మంత్రి రాబర్ట్ షూమన్, రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే అధికార సంస్థ కింద పెడదామన్నాడు. ఫిరంగులు తయారయ్యేది ఉక్కుతోనే. ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేని పరిస్థితి కల్పించడమే ఆయన ఆలోచన. ఆ రెండు దేశాలూ మళ్లీ కొట్టుకోలేదు.

పోరాటం ఏమీ తేకపోవడమూ ఉంది. 1980 నుంచి 1988 వరకు ఇరాన్, ఇరాక్ కొట్టుకున్నాయి. లక్షల మంది పోయారు. సరిహద్దు మొదలైన చోటికే వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో ముప్పై ఏళ్ల హింసలో దాదాపు 3,500 మంది చనిపోయారు, ఆగింది 1998 ఏప్రిల్ 10న బల్ల దగ్గర కుదిరిన ఒప్పందంతో. ఆ ఒప్పందంలో ఖైదీల విడుదల ఉంది. తమవాళ్లని చంపినవాడు జైలు నుంచి బయటికి వస్తాడని తెలిసి కూడా ఆ ఒప్పందానికి ఓటు వేసిన కుటుంబాలున్నాయి. శాంతి కోసం పడ్డ కష్టం అంటే నాకు గుర్తొచ్చేది వాళ్లే.

అశోకుడు యుద్ధం తర్వాతే కదా శాంతి వైపు తిరిగాడు? అంటే యుద్ధం వల్ల మంచి జరిగినట్టేగా?

అలా అనకండి. కళింగ యుద్ధం గురించి మనకి తెలిసింది ఆయనే చెక్కించిన పదమూడో శిలాశాసనం నుంచి. లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించామని, లక్ష మందిని చంపామని, దానికి ఎన్నో రెట్లు చనిపోయారని అందులో ఉంది. గెలిచిన రాజు తన గెలుపుని రాతి మీద నేరంలా చెక్కించుకోవడం గొప్ప సంగతే. కానీ ఇంకో రెండు వివరాలు చూడండి. అదే శాసనంలో అడవి జాతులని హెచ్చరిస్తాడు: పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే బలం నాకుందని. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ రాళ్ల దగ్గరికి వెళితే ఈ శాసనం కనిపించదు. మిగతావి చాలావరకు ఉన్నాయి, ఇదీ దీనికి ముందున్న రెండూ లేవు, వాటి బదులు వేరే శాసనాలు పెట్టించాడు. ఎవరికి క్షమాపణ చెప్పాలో వాళ్ల ఊళ్లో మాత్రం ఆ మాట చెక్కించలేదు. కళింగని తిరిగి ఇవ్వనూ లేదు. ఆయన మారాడు, నిజమే. ఆ లక్ష మందికి ఆ మార్పు అందలేదు.

యుద్ధం న్యాయమైనదే అయినా నేను చంపలేనంటే?

ఆ మాటకి చోటుండాలి. డెస్మండ్ డాస్ అనే అమెరికన్ తుపాకీ ముట్టనని చెప్పి వైద్య సహాయకుడిగా యుద్ధానికి వెళ్లాడు. 1945లో ఒకినావాలో కాల్పుల మధ్యే సుమారు 75 మంది గాయపడ్డవాళ్లని కొండ అంచు నుంచి తాడుతో దించాడు. దేశం తన అత్యున్నత సైనిక పతకాన్ని ఇచ్చింది. ఆ ముందు వరకు అతన్ని వెక్కిరించినవాళ్లు సొంత దళంవాళ్లే.

అణుయుద్ధం న్యాయం కాగలదా?

నా దృష్టిలో కాలేదు. 1996లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆయుధాల వాడకం సాధారణంగా చట్టానికి విరుద్ధమేనంది, కానీ దేశం ఉనికికే ముప్పు వచ్చిన పరిస్థితి గురించి తేల్చి చెప్పలేకపోయింది. నేనైతే తేల్చేస్తాను. పౌరులని వేరు చెయ్యలేని ఆయుధం, తర్వాతి తరాలని కూడా కాల్చే ఆయుధం, ఏ షరతులోనూ ఇమడదు. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ కంప్యూటర్ చూపించిన క్షిపణి దాడి హెచ్చరికని తప్పుడు అలారమని నమ్మి, పైకి అలాగే చెప్పాడు. నిజంగానే తప్పుడు అలారం. మనమంతా ఆ రాత్రి ఒక మనిషి అనుమానం మీద బతికాం.

కొత్త యుద్ధం వార్తల్లోకి వచ్చినప్పుడు ఎవరి పక్షమో ఎలా తేల్చుకోవాలి?

నేను చేసేది చెబుతాను. ముందు, ఎవరి సైన్యం ఎవరి నేల మీద ఉందో చూస్తాను. ఇది ఒక్కటే సగం పొగమంచుని తీసేస్తుంది. తర్వాత, గొడవ గోటితో పోయేదేనా, గొడ్డలిదాకా ఎవరు తెచ్చారు, రాయబారంలో ఎవరు ఎంత తగ్గారు అని వెతుకుతాను. ఆ తర్వాత, యుద్ధం ఎప్పుడు ఆపుతారో నాయకుడు చెప్పాడా అని చూస్తాను. "పూర్తి విజయం దాకా" అనేవాడికి ఎక్కడ ఆగాలో తెలియదని నా లెక్క.

చివరిగా ఒక పని చేస్తాను, ఇది కష్టం. నేను సమర్థించే పక్షం వేసిన బాంబు కింద ఎవరు పోయారో ఆ వార్త మొత్తం చదువుతాను, ఫొటో నుంచి చూపు తిప్పుకోకుండా. చదివాక కూడా ఆ పక్షాన్ని సమర్థించగలిగితే సమర్థిస్తాను. మర్నాడు మళ్లీ చదువుతాను.